తుపాకీ తుడిచే తాడు

మా ఊళ్ళో తెలుగువాళ్ళు పట్టుమని పాతిక కుటుంబాలు ఉంటాయి. సంక్రాంతికో ఉగాదికో ఎవరింట్లోనైనా పాట్‌లక్ పెట్టుకున్నప్పుడు, కొత్తగా దిగినవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న "మీరు దేనిమీద చేస్తున్నారండీ?" అని. జావా మీదా, శాప్ మీదా, క్లౌడ్ మీదా అని దాని తాత్పర్యం. "నేను మెకానికల్ అండీ. తుపాకులు శుభ్రం చేసుకునే సామాను డిజైన్ చేస్తాను" అనగానే పులిహోర ప్లేటుతో సహా రెండడుగులు వెనక్కి వేసినవాళ్ళు ఉన్నారు. ఒక పెద్దావిడ మాత్రం ఏమాత్రం తొణక్కుండా, "దానికో ఇంజనీరు ఎందుకు నాయనా, గుడ్డముక్క పెట్టి తుడిస్తే పోదూ?" అంది.

ఆవిడ అన్నదాంట్లో ముప్పాతిక నిజం ఉంది. గుడ్డముక్క పెట్టి తుడిస్తే పోతుంది. ఆ గుడ్డముక్క అవతలి చివరికి క్షేమంగా చేరడం ఎలాగన్నదే నా ఉద్యోగం. అది సరిగ్గా కుదరక మనుషులు పోయిన సందర్భాలున్నాయి కాబట్టి, ఇందులో చెప్పుకోదగ్గ సంగతులు కొన్ని ఉన్నాయనే అనుకుంటున్నాను. తుపాకులంటే ఇష్టం లేనివాళ్ళు కూడా దీన్ని ఒక డిజైన్ సమస్యగా చదువుకోవచ్చు. నాకు కూడా తుపాకులమీద ప్రత్యేకమైన మోజేమీ లేదు.

నేను మొదటిసారి తుపాకీ తుడిచింది కాకినాడలో, ఎన్.సి.సి. క్యాంపులో. త్రీ నాట్ త్రీ రైఫిలు. పేల్చింది అయిదు రౌండ్లు, తుడిచింది ఒక పూటంతా. హవల్దారు గారు హిందీలో పాఠం చెప్పేవారు. ఆ హిందీలో "ఫుల్‌తరూ", "చిందీ" అన్న రెండు మాటలు మాకు బాగా వంటబట్టాయి. ఫుల్‌తరూ అంటే ఇంగ్లీషు పుల్-త్రూ. ఒక చివర ఇత్తడి గుండు, రెండో చివర వరసగా ఉచ్చులు ఉన్న తాడు. చిందీ అంటే నాలుగంగుళాల పొడుగు, రెండంగుళాల వెడల్పు ఉన్న ఫ్లానెల్ గుడ్డ పీలిక. ఇత్తడి గుండుని వెనకనుంచి గొట్టంలోకి జారవిడిస్తే మూతి దగ్గర బయటికొస్తుంది. ఉచ్చులో చిందీ దోపి, తాడు చేతికి చుట్టుకుని ఒక్క ఊపున లాగాలి. సామానంతా, నూనె సీసాతో సహా, తుపాకీ మడమలో చిన్న ఇత్తడి తలుపు వెనక ఒదిగిపోతుంది. బ్రిటిష్‌వాళ్ళు పందొమ్మిదో శతాబ్దపు చివర్లో చేసిన డిజైను అది. వందేళ్ళ తరవాత మా చేతుల్లో కూడా బ్రహ్మాండంగా పనిచేసింది.

అప్పుడు నేను పట్టించుకోని విషయం ఒకటుంది. తాడు చివర ఒక్క ఉచ్చు చాలదా, మూడెందుకు? ఒకటి చిందీకి, ఒకటి మొండి మురికిని గీకే రాగితీగ జాలీకి. చిట్టచివరిది దేనికంటే, చిందీ మరీ మందమై గొట్టం మధ్యలో ఇరుక్కుపోతే, ఆ ఉచ్చుకి ఇంకో తాడు కట్టి వచ్చిన దారినే వెనక్కి లాగడానికి! ఎవరో పేరు తెలియని మనిషి, పని చెడిపోతే ఏం చెయ్యాలన్నది కూడా పనిముట్టులోనే పెట్టాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు దీన్ని రోల్‌బ్యాక్ అంటారనుకుంటాను. ఆ మూడో ఉచ్చు విలువ నాకు అమెరికా వచ్చి, ఒక తప్పు చేశాక గాని తెలిసిరాలేదు. ఆ కథ తరవాత చెబుతాను.

ఇంతకీ తుపాకీలో పేరుకునే మురికి ఏమిటి? ఇదంతా ఒకటే పదార్థం అనుకుంటే మొదటి అడుగే తప్పు పడుతుంది.

పాతకాలపు నల్లమందు కాలితే, దాని బరువులో సగానికి పైగా పొగగానూ మసిగానూ ఘనపదార్థమే మిగులుతుంది. మూతినుంచి గుండు దట్టించే తుపాకీల్లో నాలుగు గుళ్ళు పేల్చేసరికి గొట్టం లోపల మసి గట్టిపడి, అయిదోది దిగదు. అందుకని 1853 నమూనా ఎన్‌ఫీల్డు తూటా కాగితానికి కొవ్వు పట్టించేవారు. ఆ కొవ్వు మసిని మెత్తబరిచి, తరవాతి గుండుకి దారి ఇస్తుంది. అంటే ప్రతి తూటా తన ముందుదాని మురికిని తనే కొంత సవరించుకుంటూ పోతుందన్నమాట. చక్కని ఇంజనీరింగే. అయితే తూటా కాగితాన్ని పంటితో చించాలి. ఆ కొవ్వు ఆవుదో పందిదో అన్న మాట సిపాయిల్లో పాకడం, 1857 మే 10న మీరట్‌లో తిరుగుబాటు, ఆ తరవాతదంతా మనం స్కూల్లో చదువుకున్నదే. కారణాలు ఇంకా చాలా ఉన్నాయి కాని, నిప్పురవ్వ పడింది మాత్రం తుపాకీ గొట్టంలో మసి వదిలించే ఏర్పాటు మీద. వాడేవాళ్ళు ఎవరో, వాళ్ళు ఏం ముట్టుకుంటారో, ఏం ముట్టుకోరో కనుక్కోకుండా చేసిన డిజైను ఎంతదూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు దొరకలేదు.

తరవాత పొగలేని మందు వచ్చింది. మసి బాగా తగ్గింది. కాని కొత్త బెడద ఒకటి పట్టుకుంది. తూటా అడుగున మందుని అంటించే చిన్న మూతలో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలినప్పుడు ఆక్సిజన్ వదిలేసి పొటాషియం క్లోరైడ్‌గా మారుతుంది. అంటే దాదాపు మన ఉప్పుకి తమ్ముడు. ఈ ఉప్పు గొట్టం లోపల సన్నటి పొరగా పరుచుకుని గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కాకినాడలాంటి సముద్రపు ఊళ్ళో అయితే రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. ఇక్కడే ఇంగితజ్ఞానం మోసం చేస్తుంది. తుప్పు అనగానే మనకి నూనె గుర్తొస్తుంది. ఉప్పు నూనెలో కరగదు. ఉప్పుమీద నూనె రాస్తే, నూనె కింద ఉప్పు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. దానికి మందు నీళ్ళే. అందుకే బ్రిటిష్ సైన్యంలో పేల్చిన తుపాకీలో గరాటు పెట్టి మరిగే నీళ్ళు పోసేవారు. మరిగే నీళ్ళే ఎందుకంటే, ఉప్పు తొందరగా కరుగుతుంది, ఇనుము వేడెక్కి తడి దానంతటదే ఆరిపోతుంది. నూనె ఆ తరవాత. ఇప్పటి తూటాల్లో ఎక్కువభాగం క్లోరేట్ లేనివే. ఎవరైనా పాత సైన్యపు నిల్వల్లోంచి వచ్చిన చవక తూటాలు కొంటే మాత్రం ఈ నీళ్ళ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఉప్పు పోయినా మూడు రకాల మురికి మిగులుతుంది. కాలిన మందు బొగ్గు ఒకటి. గుండుకి తొడిగిన రాగి, గొట్టం గోడకి రాసుకుని అంటుకునేది రెండోది. సీసం మూడోది. బొగ్గుకి ఒక ద్రావణం, రాగికి అమ్మోనియా ఉన్న ద్రావణం కావాలి. ఫ్రాంక్ హాప్పీ అనే ఆయన 1903లో తయారు చేసిన నంబర్ నైన్ అనే ద్రావణం ఇప్పటికీ ఇక్కడి కొట్లలో దొరుకుతుంది. దాని వాసన ఎంత గాఢమంటే, మా ఆవిడ నా చొక్కాలు వేరే బుట్టలో వెయ్యమంది.

ఇక అసలు కథకి వస్తాను. వియత్నాంలో ఎం-16.

1960ల మధ్యలో అమెరికా సైన్యం ఈ కొత్త రైఫిలుని అడవిలోకి పంపినప్పుడు, ఇది పెద్దగా శుభ్రం చెయ్యక్కర్లేని తుపాకీ అన్న అభిప్రాయం ఎలాగో వ్యాపించిపోయింది. శుభ్రం చేసే సామాను తగినంత పంపలేదు. ఈ రైఫిలులో గుండు వెనకనున్న వాయువులో కొంతభాగాన్ని సన్నటి గొట్టంద్వారా నేరుగా తుపాకీ గుండెలోకే మళ్ళించి, ఆ ఊపుతో ఖాళీ ఖోకాని బయటికి తోసి కొత్త తూటాని ఎక్కిస్తారు. తేలికైన ఏర్పాటే, కాని తన పొగని తనే మింగే యంత్రం అది. దీన్ని రూపొందించి పరీక్షించింది ఒకరకం మందుతో. 1964లో తూటాల్లోకి ఇంకోరకం మందు వచ్చింది. దాంతో తుపాకీ వేగం పెరిగింది, మురికీ పెరిగింది. పైపెచ్చు తూటా కూర్చునే గదికి క్రోమియం పూత లేదు. అడవి తేమకి ఆ గది గోడలు తుప్పుతో గుంటలు పడేవి. పేలిన ఖోకా ఆ గుంటల్లోకి ఉబ్బి అతుక్కుపోయేది. పట్టు కొక్కెం ఖోకా అంచుని చింపుకుని ఒట్టిచేతులతో వెనక్కి వచ్చేది. అప్పుడు చెయ్యగలిగింది ఒక్కటే. మూతినుంచి కడ్డీ దూర్చి ఖోకాని పొడిచి వెనక్కి తొయ్యడం. తూటాలు దూసుకొస్తుండగా. అదీ కడ్డీ ఉంటేనే.

మందు మార్చినవాళ్ళు ఒకరు, పూత అక్కర్లేదన్నవాళ్ళు ఒకరు, సామాను పంపనివాళ్ళు ఇంకొకరు. ఒక్కొక్కళ్ళదీ విడిగా చూస్తే చిన్న నిర్ణయమే. 1967లో ఒక మెరీన్ ఇంటికి రాసిన ఉత్తరాన్ని న్యూజెర్సీ ప్రతినిధి జేమ్స్ హోవర్డ్ కాంగ్రెస్ ముందుకు తెచ్చాడు. చనిపోయినవాళ్ళ పక్కన, బాగుచేసుకోబోయి విప్పిన తుపాకులు పడి ఉన్నాయని అందులో ఉంది. మిస్సోరీ ప్రతినిధి రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన వేసిన ఉపసంఘం అదే ఏడాది అక్టోబరులో నివేదిక ఇచ్చింది. సైన్యం ఈ వ్యవహారాన్ని నడిపిన తీరుని బాగా గట్టిగానే తప్పుపట్టింది. ఆ తరవాత గదికి క్రోమియం పూత వచ్చింది. కడ్డీలు, బ్రష్షులు, ద్రావణం అడవికి చేరాయి. కామిక్ పుస్తకాల ప్రపంచంలో పెద్దపేరున్న విల్ ఐస్నర్ చేత తుపాకీ సంరక్షణ మీద బొమ్మల పుస్తకం వేయించి సైనికులకి పంచారు. దళసరి మాన్యువల్ ఎవరూ చదవరని సైన్యానికి అప్పటికి తెలిసొచ్చింది. మరి కొన్నాళ్ళకి రైఫిలు మడమలో ఒక అర, దానికో తలుపు పెట్టి, శుభ్రం చేసే సామాను అందులో ఇమిడ్చారు. మా త్రీ నాట్ త్రీలో మొదటినుంచీ ఉన్నది అదే.

నేను 2004లో ఈ పనిలో చేరాను. ఈశాన్య అమెరికాలో ఒక చిన్న కంపెనీ. హెచ్-1బి వీసా. చేరాక తెలిసిన తమాషా ఏమిటంటే, 1998 చివర్లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం నాలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ తూటాగానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్సు తీసుకున్నవాళ్ళకి మినహాయింపు ఉంది. జింకని చంపే ఉద్దేశం నాకు లేదు. మరి తుపాకీ ముట్టుకోకుండా తుపాకీ తుడిచే సామాను పరీక్షించడం ఎలా? అదృష్టవశాత్తూ ఈ దేశపు చట్టంలో తుపాకీ అంటే దాని మధ్యభాగం, బోల్టు కూర్చునే చట్రం. గొట్టం ఒక్కటే అయితే అది ఒట్టి ఇనప గొట్టం. కాబట్టి బయట ఎవరో పేల్చి, విప్పి, బకెట్లో వేసి తెచ్చిన మురికి గొట్టాలని బల్లకి బిగించుకుని నేను పనిచేసేవాణ్ణి. గ్రీన్ కార్డు వచ్చేదాకా అదే వరస.

మొదటి నిర్ణయం కడ్డీయా, తాడా అన్నది. కడ్డీని తోస్తాం, తాడుని లాగుతాం. ఈ తేడా చిన్నది కాదు. కాలేజీలో ఆయిలర్ సూత్రం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సన్నటి కడ్డీ మీద రెండు చివర్లనుంచీ ఒత్తిడి పెంచుతూ పోతే, ఒక హద్దు దాటగానే మధ్యలో విల్లులా వంగుతుంది. ఎం-16 గొట్టం రంధ్రం 5.56 మిల్లీమీటర్లు. అందులో పట్టే ఉక్కు కడ్డీ లావు నాలుగున్నర మిల్లీమీటర్లు అనుకుందాం. పొడవు 60 సెంటీమీటర్లు. లెక్క వేస్తే ఆ హద్దు సుమారు 11 కిలోల బరువు. ఇత్తడి కడ్డీకి అందులో సగం. బిగువైన కంచు బ్రష్షుని మొదటిసారి తోసేటప్పుడు చెయ్యి ఆ మాత్రం జోరు తేలిగ్గా చేస్తుంది. పైగా జేబులో పట్టాలంటే కడ్డీని నాలుగైదు ముక్కలు చేసి మరలతో కలపాలి. ప్రతి అతుకూ ఇంకాస్త బలహీనం. కడ్డీ గొట్టంలోపల ఉంది కాబట్టి విరగదు. వంగి గోడకి ఆనుకుని, ఆ అతుకుల అంచులతో గోడని గీకుతుంది. మూతి దగ్గర ఇది మరీ ప్రమాదం. గుండు తుపాకీని ఆఖరుసారి తాకేది అక్కడే. ఆ అంచు ఒకవైపు అరిగితే గుండు వెనకనున్న వాయువు అటువైపునుంచి ముందుగా తప్పించుకుని, గుండుని పక్కకి నెడుతుంది. శుభ్రం చేసి చేసి గురి పోగొట్టుకున్న తుపాకులు నిజంగానే ఉన్నాయి.

తాడుకి ఈ బాధ లేదు. లాగేదాన్ని ఎవరూ వంచలేరు. చుట్ట చుట్టి అరచేతిలో పెట్టుకోవచ్చు. వెనకనుంచి ముందుకి లాగుతాం కాబట్టి మురికి మూతిగుండా బయటికి పోతుంది, యంత్రంలోకి రాదు. నేను ఉక్కుతీగని మెలిపెట్టి నైలాను తొడుగు వేసిన తాడు ఎంచుకున్నాను. అంటే సగం ప్రయాణం చేసి మళ్ళీ ఫుల్‌తరూ దగ్గరికే వచ్చానన్నమాట. అయితే తాడుతో ఒక పని జరగదు. ఇరుక్కున్న ఖోకాని పొడవలేం. అందుకని చిన్న కడ్డీ ముక్కలు రెండు మూడు కూడా వెయ్యాలా వద్దా అన్నదానిమీద మా ఆఫీసులో ఆరునెలలు వాదన నడిచింది.

ఆ వాదన తేల్చింది కూర్పు గదిలో పనిచేసే ఒక పెద్దాయన. అప్పటికి అరవై ఏళ్ళు. 1967లో మెరీన్‌గా వియత్నాంలో ఉన్నాడు. మాటలు తక్కువ. నా మొదటి నమూనా తీసుకుని లైట్లు ఆర్పేసి, వెల్డింగు చేతి తొడుగులు వేసుకుని, నేల మీద కూర్చుని విప్పి చూశాడు. రెండు నిమిషాల తరవాత లైటు వేస్తే ఒళ్ళో ఆరు భాగాలున్నాయి. నేను పెట్టినవి పదకొండు. మిగతా అయిదూ ఎక్కడ పడ్డాయో వెతుక్కోమన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. ఆ తరవాత భాగాలు ఏడుకి తగ్గాయి, చిన్నవన్నీ ఒకదానికొకటి దారంతో కట్టేశాం. కడ్డీ ముక్కల గురించి అడిగితే మాత్రం, "అవి తీసేస్తే నేను రేపటినుంచి రాను" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. కడ్డీలు ఉంచేశాం.

ఇప్పుడు నా తప్పు సంగతి. బ్రష్షుని తాడుకి బిగించే మర సైజు ఈ దేశంలో మామూలుగా 8-32. అంటే ఎనిమిదో నంబరు లావు, అంగుళానికి 32 చుట్లు. కాని సైన్యం వాడే కడ్డీలు, బ్రష్షులు 8-36. లావు సరిగ్గా అంతే, చుట్లు 36. చుట్టు చుట్టుకీ తేడా మిల్లీమీటరులో పదోవంతు కూడా లేదు. కంటికి తెలియదు. బిగిస్తే మొదటి రెండు చుట్లూ చక్కగా ఎక్కుతాయి, తరవాత బిగుసుకుంటుంది. బిగుసుకుంది కదా, సరిగ్గా పట్టిందని చెయ్యి అనుకుంటుంది! రెండు ప్రమాణాలు పూర్తిగా వేరుగా ఉంటే పేచీ లేదు, సగం కలవడమే ముప్పు. తారీఖుల్లో నెల ముందా రోజు ముందా అన్న గొడవతో రాత్రులు పాడుచేసుకున్న పాఠకులకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పన్నెండో తారీఖుదాకా అన్నీ సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, పదమూడున బయటపడుతుంది.

నాకు 8-36 సంగతి తెలుసు. మా కిట్‌లో మా బ్రష్షులే ఉన్నాయి కదా, దాంతో మనకేం పని అనుకున్నాను. బ్రష్షు అరిగిపోతుందని, అరిగినప్పుడు మనిషి చేతికి దొరికిందే బిగిస్తాడని ఆలోచించలేదు. పరీక్షకి పంపిన కిట్లలో ఒకటి నెల తిరక్కుండా తిరిగొచ్చింది. దాంతోపాటు ఒక గొట్టం. గొట్టం మధ్యలో బ్రష్షు. ఎవరో పాత సైనిక బ్రష్షు బిగించి లాగారు. రెండు చుట్ల పట్టు ఊడింది, తాడు ఒక్కటే చేతికొచ్చింది.

ఆ మనిషి చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. చూసుకోకుండా తూటా ఎక్కించి పేలిస్తే, గుండు వెళ్ళి బ్రష్షుకి గుద్దుకుంటుంది, వెనక వాయువుకి దారి ఉండదు, గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. పగిలేది ఆ మనిషి ఎడమచేతికి జానెడు దూరంలో. తుపాకీని కాపాడే పనిముట్టే తుపాకీని బాంబుగా మార్చగలదని పుస్తకంలో చదవడం వేరు, ఆ గొట్టాన్ని బల్లమీద పెట్టుకుని దీపం వేసి అందులోకి చూడటం వేరు. ఆ వారం నాకు నిద్ర సరిగా పట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మూడో ఉచ్చు.

మూడు మార్పులు చేశాను. తాడు చివర మర గుంతకి పక్కనుంచి చిన్న రంధ్రం వేశాం. మర పూర్తిగా దిగితే ఆ రంధ్రంలో ఇత్తడి మెరుపు కనబడుతుంది, లేకపోతే చీకటే. పెద్దాయన దాన్ని చూసి, "రాత్రి పూట ఏం చూస్తాడు?" అన్నాడు. నిజమే. అందుకని బొమ్మల కార్డులో మొట్టమొదటి బొమ్మగా ఒకటి చేర్చాం. గొట్టంలో పెట్టేముందు బ్రష్షుని చేత్తో పట్టుకుని గట్టిగా ఒకసారి లాగి చూడు. ఇది ఖర్చులేని మార్పు, అన్నిటికన్నా పనికొచ్చినదీ ఇదే. రెండోది, గుడ్డ తొడిగే ముక్కకి వెనకవైపు ఒక కన్నం. కడ్డీ ముక్కలని కలిపి దానికి తగిలించి వెనక్కి లాగొచ్చు. మూడోది నాకు ఇష్టమైనది. తాడుకీ పిడికీ మధ్యనున్న అతుకుని కావాలనే మిగతా అన్నిటికన్నా బలహీనంగా చేశాం. మనిషి మరీ మొండిగా లాగితే ఊడేది పిడే. అది గొట్టం బయట ఉంటుంది. తాడు తోక మూతినుంచి వేలాడుతూనే ఉంటుంది, పటకారుతో పట్టుకోవచ్చు. ఇంట్లో ఫ్యూజు ఉన్నట్టే. మా మార్కెటింగు ఆయనకి మాత్రం ఇది అర్థం చేయించలేకపోయాను. "మన పిడి ఊడుతుందని నేనెలా చెప్పుకోను?" అని ఆయన గోల.

చిన్న సంగతి ఇంకొకటి. రాగి పోయిందో లేదో తెలుసుకోవడానికి అమ్మోనియా ద్రావణంలో తడిపిన గుడ్డ లాగి చూస్తారు. నీలిరంగు వస్తే రాగి ఇంకా ఉన్నట్టు. మా ప్రయోగశాలలో ఒక కుర్రాడు ఒకే గొట్టాన్ని రెండురోజులు తుడిచాడు, ప్రతి గుడ్డా నీలంగానే వచ్చింది. గొట్టంలో రాగి ఎప్పుడో అయిపోయింది. నీలిరంగు వస్తున్నది మా ఇత్తడి ముక్కనుంచి! ఇత్తడిలోనూ, కంచులోనూ ఉన్నది రాగే కదా. కొలిచే పనిముట్టు తన్ను తానే కొలుచుకుంటోంది. ఆ ముక్కకి నికెల్ పూత వేశాక గాని ఆ కుర్రాడికి విముక్తి దొరకలేదు.

నూనె ఎంత రాయాలన్నది మాత్రం ఎవరూ పూర్తిగా తేల్చని విషయం. 2003 మార్చి 23న ఇరాక్‌లో నాసిరియా దగ్గర అమెరికా సైన్యపు 507వ మెయింటెనెన్స్ కంపెనీ దారితప్పి దాడికి గురైనప్పుడు చాలామంది తుపాకులు మొరాయించాయి. ఎడారి దుమ్ములో సంరక్షణ చాలకపోవడం కారణం కావచ్చని సైన్యం నివేదికలో రాశారు. నూనె తక్కువైతే ఇనుము ఇనుముని పట్టుకుంటుంది, ఎక్కువైతే దుమ్ముతో కలిసి సానరాతి ముద్దలా తయారవుతుంది. 2007లో సైన్యం దుమ్ము గదిలో పది ఎం-4 రైఫిళ్ళతో 60,000 రౌండ్లు పేల్చి చూసింది. వేసవిలో చేసినప్పుడు 307 సార్లు ఆగాయి. అదే ఏడాది ఆఖర్లో మళ్ళీ చేస్తే 882 సార్లు. అదే నమూనా తుపాకీ, అన్ని రౌండ్లే. ఇంత కట్టుదిట్టమైన పరీక్షలోనే అంత తేడా వస్తే, "మా నూనె వాడితే ఇన్ని శాతం మేలు" అని డబ్బామీద రాసేవాళ్ళని నేను నమ్మను. మా కంపెనీ డబ్బాలతో సహా.

మొన్నామధ్య మా ఊళ్ళో కొత్తగా గ్రీన్ కార్డు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ మిత్రుడు పిస్తోలు కొనుక్కుని, "అన్నయ్యా, ఒకసారి వచ్చి తుడవడం నేర్పు" అని పిలిచాడు. వెళితే వంటింటి గట్టుమీద, పప్పు డబ్బాల పక్కన, న్యూస్‌పేపర్ పరిచి అన్నీ సర్ది ఉంచాడు. తూటాల పెట్టె కూడా అక్కడే ఉంది. ముందు ఆ పెట్టెని వేరే గదిలో పెట్టించాను. తరవాత మ్యాగజీను తీయించి, స్లైడు వెనక్కి లాగించి, లోపల ఖాళీ అని కంటితో చూడమన్నాను, వేలు పెట్టి మళ్ళీ చూడమన్నాను. ఖాళీ తుపాకీ అనుకుని తుడుస్తూ పేల్చుకున్నవాళ్ళు ఈ దేశంలో తక్కువేం కాదు. ఆ తరవాత మొత్తం సామాను గరాజులోకి మార్పించాను.

"ఇంట్లోనే చేస్తే ఏమైంది అన్నయ్యా, చలిగా ఉంది" అన్నాడు.

తూటా అడుగున ఇప్పుడు క్లోరేట్ బదులు చాలావాటిలో సీసం లవణం వాడతారని, పేల్చినప్పుడు అది పొడిగా చేతులమీద, బట్టలమీద, తుడిచిన ప్రతి గుడ్డముక్కమీద ఉంటుందని, చిన్నపిల్లల ఒంట్లో సీసం చేరితే ముందు దెబ్బతినేది మెదడని చెప్పాను. వాళ్ళకి పదినెలల పాప ఉంది, పాకుతోంది. ఇంకేం మాట్లాడకుండా జాకెట్టు వేసుకుని గరాజులోకి వచ్చాడు. పని పూర్తయ్యాక గుడ్డముక్కలు ఒక సంచిలో మూటకట్టించి, చొక్కా అక్కడే విప్పించి, మోచేతులదాకా సబ్బుతో రెండుసార్లు కడిగించాను. లోపలికి వచ్చేసరికి పాప వాళ్ళ నాన్నని చూసి చేతులు చాపింది. ముందు స్నానం చేసి రమ్మన్నాను.